యీజింగ్ కోట ఎట్లా కూలింది? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

చైనాలో హాన్ సామ్రాజ్యం కొనఊపిరితో ఉన్న రోజులవి. దేశం దండనాయకుల పాలబడింది. ఉత్తరాదిన గోంగ్‌సున్ జాన్, యువాన్ షావో అనే ఇద్దరి మధ్య ఏళ్ల తరబడి నడిచిన పోరు క్రీ.శ. 199 వసంతంలో యీజింగ్ కోట దగ్గర తేలిపోయింది. లోపలున్నవాడు గోంగ్‌సున్ జాన్, ముట్టడించినవాడు యువాన్ షావో. ఈ ముట్టడి గురించి వరంగల్, కరీంనగర్, సింగరేణి ప్రాంతాల నుంచి వచ్చిన ప్రశ్నల్లో కొన్నిటికి జవాబులివి. కొలతలు చదివేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: హాన్ కాలపు అడుగు మన అడుగు కంటే చిన్నది, సుమారు 23 సెంటీమీటర్లు. పది అడుగులు ఒక జాంగ్, అంటే 2.3 మీటర్లు. ఒక లీ అంటే దాదాపు 415 మీటర్లు.

వీళ్లిద్దరికీ పగ ఎక్కడ మొదలైంది? అంత పెద్ద సేనాని కోటలో ఎందుకు దాక్కోవాల్సి వచ్చింది?
– ఒక డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ

గోంగ్‌సున్ జాన్ ఈశాన్య సరిహద్దులో తెల్లగుర్రాల రౌతులతో పేరు తెచ్చుకున్నవాడు. రాజధానిలో అధికారం చెదిరిపోయాక, నేటి హెబెయ్ రాష్ట్రపు నేల ఎవరిదన్న తగాదాలో యువాన్ షావోకు ఎదురు నిలిచాడు. జియేచావ్ దగ్గర జరిగిన పోరులో యువాన్ సేనాని చూ యీ 800 మందిని డాళ్ల చాటున కదలకుండా పడుకోబెట్టాడు. గుర్రాలు కొన్ని పదుల అంగల దూరంలోకి వచ్చాక వాళ్లు ఒక్కసారిగా లేచారు, పక్కనుంచి బలమైన విల్లులు బాణాల వర్షం కురిపించాయి. రౌతుల పరువు అక్కడే పోయింది.

అయినా అతన్ని నిలువునా ముంచింది ఆ ఓటమి కాదని మా అభిప్రాయం. 193లో అతను యూ ప్రాంతపు పాలకుడు లియూ యూను చంపించాడు. లియూ యూ రాజవంశీకుడు, జనం మెచ్చినవాడు, సరిహద్దులోని వూహువాన్ తెగలతో కూడా మంచిగా ఉన్నవాడు. అతని పాత ఉద్యోగులూ, ఆ తెగలూ కలిసి యువాన్ షావో పక్షాన చేరిపోయారు. దెబ్బ మీద దెబ్బ తిన్న గోంగ్‌సున్ జాన్ యీజింగ్‌కు వెనక్కి తగ్గి, ఇక అక్కడి నుంచి కదలనని కూర్చున్నాడు.

యీజింగ్ నిర్మాణం ఎట్లుండేది? మన ఓరుగల్లు మట్టికోటతో పోల్చవచ్చా?
– ఒక పాఠకుడు, ఖిలా వరంగల్

కోట ఉన్నది నేటి హెబెయ్‌లోని షియోంగ్ మండలం వైపు, యీ నది దగ్గర. అది చదునైన నేల. ఎక్కి కూర్చోవడానికి గుట్ట లేదు కాబట్టి ఎత్తును మనుషులే కట్టుకోవాలి. ఒకదాని వెనుక ఒకటిగా పది అగడ్తలు తవ్వించారు. వాటి లోపలివైపు 5, 6 జాంగ్‌ల ఎత్తు, అంటే 11 నుంచి 14 మీటర్ల మట్టిదిబ్బలు లేపి, ప్రతి దిబ్బ మీదా ఒక బురుజు కట్టారు. నడిమి దిబ్బ ఒక్కటే 10 జాంగ్‌లు, అంటే 23 మీటర్లు. గోంగ్‌సున్ జాన్ ఉన్నది ఆ నడిమి దిబ్బ మీదనే. తలుపు ఇనుపది.

ఆ కాలపు చైనా కోటగోడ చాలావరకు కుమ్మిన మట్టి. రెండువైపులా పలకలు బిగించి, మధ్యలో మట్టి పోసి, దిమ్మిసలతో గట్టిపడేదాకా కుమ్ముతారు. కుమ్మిన తర్వాత ఒక్కో పొర సుమారు 8 నుంచి 12 సెంటీమీటర్లు ఉంటుంది. తర్వాత పలకలు పైకి జరిపి మళ్లీ మొదలుపెడతారు. మట్టిలో తడి సరిగ్గా ఉండాలి. మరీ పొడిగా ఉంటే పొరలు ఒకదానికొకటి అతకవు. తడి ఎక్కువైతే దిమ్మిస పడ్డచోట మట్టి పక్కకు జరుగుతుంది, ఆరినాక నెర్రెలు బారుతుంది. సరిగ్గా కుమ్మిన గోడ మీద గుదిదూలంతో కొట్టినా, రాళ్లు రువ్వినా దెబ్బ లోపలికి ఇంకిపోతుంది కాని గోడ పగలదు. దాని బలహీనత అంతా అడుగునే. పునాది నానినా, అడుగు ఖాళీ అయినా నిలబడదు. అందుకే ఆ రోజుల్లో ముట్టడిదారులు ముందు నీటినీ పారనూ నమ్ముకున్నారు. ఇదే 199 మొదట్లో మరో దండనాయకుడు త్సావో త్సావో షియాపీ పట్టణం మీదికి యీ, సీ అనే రెండు నదుల నీళ్లు మళ్లించి, లోపలున్న దండనాయకుడు లూ బూను లొంగదీశాడు. (ఈ యీ నది వేరు, యీజింగ్ పక్కన పారేది వేరు.)

ఓరుగల్లుతో పోలిక కొంతవరకే. ఇక్కడా వరుసలున్నాయి: లోపల 45 బురుజుల రాతికోట, దాని చుట్టూ సుమారు 2.4 కిలోమీటర్ల వ్యాసంతో మట్టికోట, రెంటికీ అగడ్తలు. 1310లో మాలిక్ కాఫుర్ సేన అగడ్త పూడ్చి మట్టికోటను పట్టుకున్నా, రాతికోట నిలిచే ఉంది. ప్రతాపరుద్రుడు లోపల కూర్చుని సంధి మాట్లాడుకోగలిగాడు. అంటే ఓరుగల్లులో ఒక వరుస పోయినా రెండోది పనికొచ్చింది, ఎందుకంటే రెండూ కలిసి ఒకే పట్టణాన్ని కాచేవి. యీజింగ్‌లో ఏ దిబ్బకు ఆ దిబ్బే ఒక కోట. ఒకటి పడితే పక్కదానికి దాని అండ పోతుంది, శత్రువుకు మరో అడుగు జాగా దొరుకుతుంది.

30 లక్షల హుల ధాన్యం నిల్వ చేశాడని చదివాను. మన లెక్కలో ఎంత? ఎన్నాళ్లు సరిపోతుంది?
– ధాన్యం వ్యాపారంలో ఉన్న పాఠకుడు, ఎనుమాముల

హాన్ కాలపు హు అంటే సుమారు 20 లీటర్లు. 30 లక్షల హులంటే 6 కోట్ల లీటర్లు. ఉత్తర చైనాలో అప్పటి ముఖ్యమైన తిండి కొర్రలు. పొట్టుతో ఉన్న కొర్రలు లీటరుకు దాదాపు 700 గ్రాములు తూగుతాయనుకుంటే, మొత్తం 42 వేల టన్నులు. 40 కిలోల బస్తాల్లో పోస్తే పది లక్షల బస్తాలు దాటుతాయి.

ఎన్నాళ్లు అన్నదానికి సైనికుడి బత్తెం చూడాలి. హాన్ సరిహద్దు కావలి దళాల పద్దుల్లో ఒక మనిషికి నెలకు 3.33 హుల పొట్టు ధాన్యం రాసి ఉంది. ఏడాదికి 40 హులు. ఆ లెక్కన 30 లక్షల హులు 75 వేల మందికి ఏడాది తిండి, లేదా 15 వేల మందికి ఐదేళ్ల తిండి. ఐదు పాళ్ల పొట్టు కొర్రలు దంచితే మూడు పాళ్ల బియ్యం వస్తుందని అప్పటి గణితం లెక్క. అంటే మనిషికి రోజుకు దాదాపు 1.3 లీటర్ల కొర్రబియ్యం. గుర్రాల దాణా ఇందులోనే కొట్టుకుంటే లెక్క తగ్గుతుంది.

పొట్టు తీయకుండా, తడి తగలకుండా ఉంచితే కొర్రలు ఏళ్ల తరబడి చెడవు. తిండి విషయంలో అతని ఆలోచనలో తప్పు లేదు. ఈ గింజలు తిని అయిపోగొట్టేసరికి లోకం ఎటు పోతుందో తేలిపోతుందని అతనన్న మాట కూడా చరిత్రలో నిలిచింది. ముట్టడిలో కోటలు ఎక్కువగా ఆకలితో లొంగుతాయి. యీజింగ్ ఆకలితో పడలేదు.

నేను బొగ్గుబాయిల టింబర్ పని చేసి రిటైరైన. సపోర్టు తీస్తె కప్పు కూలుడు మాకెరికే. గాని బురుజు కింద కట్టెలు నిలబెట్టి, మళ్ల అవే కాలబెట్టుడెందుకు? గుంజేస్తె సరిపోదా?
– ఒక పాఠకుడు, గోదావరిఖని

ఈ పని తెలిసినవారు అడగవలసిన ప్రశ్నే అడిగారు. ముందు పని క్రమం చెప్తాం. తవ్వకం మొదలయ్యే చోటు కోటలోంచి కనపడకూడదు, బాణం అందకూడదు. అందుకే మట్టికట్ట చాటునో, తోలు కప్పిన పందిరి కిందనో గుంత దించుతారు. దిబ్బ అడుగుకంటే కిందికి దిగాక సొరంగం ముందుకు నడుస్తుంది. అక్కడిదాకా ఇరుకు సొరంగమే చాలు. బురుజు కిందికి చేరాక మాత్రం పక్కలకు వెడల్పు చేస్తూ, తవ్విన ప్రతి జానెడుకూ కట్టె నిలబెడుతూ పోవాలి.

ఈ వెడల్పే అసలు కీలకం. మీకు తెలిసిందే, గట్టి మట్టిలో సన్నని సొరంగం కప్పు వంపు తిరిగి తనంతట తాను నిలబడుతుంది, పైబరువు పక్కలకు దిగిపోతుంది. అట్లాంటి చోట కట్టెలన్నీ బూడిదైనా పైన బురుజు కదలదు. గది వెడల్పయ్యేకొద్దీ ఆ వంపు నిలవదు, బరువు కట్టెల మీదికి వస్తుంది. 13 మీటర్ల మట్టి పూర్తిగా కిందికి దిగితే చదరపు మీటరుకు 20 టన్నులు పైమాటే.

ఇప్పుడు మీ ప్రశ్న. గనిలో మిగిల్చిన బొగ్గు స్తంభాలు తీసే డీపిల్లరింగ్‌లో ఒక్కో సపోర్టు తీస్తూ వెనక్కి వస్తారు, కప్పు వెనక కొద్దికొద్దిగా కూలుతుంది. బురుజుకు అట్లా కొద్దికొద్దిగా కూలితే లాభం లేదు. ఒక మూల దిగగానే పైవాళ్లకు తెలిసిపోతుంది, వెనక ఇంకో గోడ లేపుకుంటారు. ఒక కట్టె గుంజితే దాని బరువు పక్క కట్టెల మీద పడి అవి బిగుసుకుపోతాయి, తర్వాత లాగినా రావు. లాగేవాళ్లు ఆ కప్పు కిందనే ఉండాలి కూడా. నిప్పుతో ఈ మూడు చిక్కులూ తీరతాయి. కట్టెల మధ్య ఎండుపుల్లలూ గడ్డీ కూరి అంటించి బయటికి వచ్చేస్తే, అన్ని కట్టెలూ ఇంచుమించు ఒకేసారి బలం కోల్పోతాయి. మనుషులు అప్పటికి దూరంగా ఉంటారు.

యువాన్ షావో మనుషులు దిబ్బ అడుగున సగందాకా వచ్చామని అంచనా కట్టుకున్నాకే నిప్పు పెట్టారని చరిత్రకారులు రాశారు. ఆ 'సగం' అన్నమాట మాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది. ముందంచు కింద మాత్రమే తవ్వితే కొంత మట్టి పెళ్ల ఊడి పడుతుంది, బురుజు ఉంటుంది. అడుగంతా తవ్వితే బురుజు నిలువునా కిందికి కుంగి, మట్టికుప్ప మిగిలి, ఆ కుప్పనే మళ్లీ కోటవాళ్లు వాడుకోవచ్చు. సగం వరకు తవ్వితే వెనక సగం గట్టిగా ఉండి ముందు సగం జారుతుంది, బురుజు ఒరిగి బోర్లా పడుతుంది.

చెడిపోవడానికి దారులు చాలా ఉన్నాయి. పచ్చికట్టె వాడితే పొగ తప్ప మంట రాదు. గాలి ఆడే రెండో దారి లేకపోతే మంట మధ్యలోనే చచ్చిపోతుంది. అగడ్త అడుగుకు దగ్గరగా పోతే నీళ్లు దిగి కప్పు ముందే కూలి తవ్వేవాళ్లనే పూడ్చేస్తుంది. తవ్విపోసిన మట్టి దాచకపోతే కొత్త మట్టి రంగు చూసే కోటవాళ్లు పసిగడతారు.

కోటలోపలివాళ్లకు ఆ తవ్వకం వినపడదా? ఆపే మార్గం లేదా?
– ఒక పాఠకురాలు, భూపాలపల్లి

ఉంది, అప్పటికి కొన్ని వందల ఏళ్ల నుంచీ ఉంది. మోజు అనే పాత చైనా తత్వవేత్త సంప్రదాయంవాళ్లు రాసిపెట్టిన కోటరక్షణ అధ్యాయాల్లో పద్ధతి స్పష్టంగా చెప్పారు. గోడ లోపలివైపు, గోడ మొదట్లో, ప్రతి ఐదు అంగలకు ఒక బావి తవ్వాలి. హాన్ లెక్కన ఆ అంగ ఆరడుగులు కాబట్టి దాదాపు ఏడు మీటర్లకొకటి. మెట్టనేలలో 15 అడుగుల లోతు, పల్లంలో అయితే మూడడుగుల నీరు ఊరేదాకా. 40 దౌలకు పైగా, అంటే 80 లీటర్లకు పైగా పట్టే కుండ చేయించి, మూతికి పల్చటి తోలు బిగించి బావిలో దించాలి. చెవి చురుకైన మనిషి దానిమీద తల ఆనించి వినాలి. గడ్డపార దెబ్బ నేలలో నడిచి వచ్చి కుండలోని గాలిని, తోలును కదిలిస్తుంది. ఏ బావిలో చప్పుడు గట్టిగా ఉందో చూసి దిక్కు పట్టి ఎదురు సొరంగం తవ్వాలి. కలిశాక కొలిమితిత్తులతో పొగ కొట్టాలి.

దీనికంటే సులువైనది అడ్డకందకం. గోడ లోపల గోడకు సమాంతరంగా లోతైన కందకం తవ్వితే వచ్చే సొరంగం ఏదైనా అందులో బయటపడక తప్పదు. యీజింగ్‌లో గెలిచిన మరుసటి ఏడాది, 200లో, గువాన్‌దూ దగ్గర యువాన్ షావో ఇదే సొరంగం విద్యను త్సావో త్సావో శిబిరం మీద ప్రయోగించాడు. త్సావో లోపల పొడవాటి కందకం తవ్వించి పని చెడగొట్టాడు.

ఏ పద్ధతికైనా బావుల్లో కూర్చుని వినడానికీ, కందకం తవ్వడానికీ, బయటి వరుసల్లో మనుషులు నిలబడి ఉండాలి. ఆ మనుషుల సంగతే తర్వాతి జవాబు.

బయటి నుంచి సాయం ఎందుకు రాలేదు? నిప్పు సైగ కథ నిజమేనా?
– ఒక ఉపాధ్యాయుడు, జగిత్యాల

యీజింగ్ పతనానికి మూలం ఇక్కడుంది. ముట్టడికి ముందే ఒకసారి, బయట కావలి ఉన్న తన సేనాని ఒకడు శత్రువుల మధ్య చిక్కుకుంటే గోంగ్‌సున్ జాన్ సాయం పంపలేదు. ఒకణ్ని కాపాడితే మిగతావాళ్లు కూడా సాయం వస్తుందిలే అని ప్రాణం పెట్టి పోరాడరు, అన్నది అతని వాదన. యువాన్ షావో సేన ఉత్తరానికి కదిలినప్పుడు ఆ మాట తిరిగి అతని మీదికే వచ్చింది. దక్షిణపు ఠాణాల్లో ఉన్నవాళ్లకు తాము నిలవలేమనీ తెలుసు, ఎవరూ రారనీ తెలుసు. కొందరు నాయకుణ్ని చంపి లొంగారు, కొందరు చెల్లాచెదురయ్యారు. శత్రువు నేరుగా కోటగుమ్మం దాకా నడిచొచ్చాడు.

లోపల కూడా ఇదే తీరు. ఏడేళ్లు దాటిన మగవాణ్ని నడిమి దిబ్బకు రానిచ్చేవాడు కాదు. చుట్టూ ఆడవాళ్లే. ఉత్తరాలు తాడు కట్టి పైకి లాగేవారు. కొన్ని వందల అంగల దూరం గొంతు వినపడేట్టు కొందరు స్త్రీలకు అరవడం నేర్పించి, వాళ్లతో ఆజ్ఞలు చెప్పించేవాడు. గొంతుతో మాట వెళ్తుంది, నిజమే. కానీ కిందున్న సేనాని ఎదురు ప్రశ్న వేయలేడు, గోడ మీద ఏం జరుగుతోందో పైకి చెప్పుకోలేడు. కొన్నాళ్లకు అతని దగ్గర సలహా చెప్పేవాళ్లే మిగల్లేదు.

నిప్పు సైగ విషయం నిజమే. అతను కొడుకు షూను నల్లకొండ దళాల నాయకుడు జాంగ్ యెన్ దగ్గరికి సాయానికి పంపాడు. తాను కూడా రౌతులతో బయటపడి యువాన్ వెనక దారిని తెగ్గొట్టాలనుకున్నాడు. ఆంతరంగికుడు గువాన్ జింగ్ వారించాడు: మీరు వెళ్తే ఇక్కడివాళ్లు ఒక్కరోజు నిలవరు, అని. సాయం దగ్గరికి వచ్చిందనగా కొడుక్కి ఉత్తరం రాశాడు. ఐదు వేల రౌతులతో ఉత్తరపు పల్లంలో దిగి నిప్పు రాజెయ్యి, నేను లోపలి నుంచి వస్తాను, అని. ఆ ఉత్తరం యువాన్ షావో వేగులకు దొరికింది. చెప్పిన గడువుకు నిప్పు రాజేసింది యువాన్ షావోనే. గోంగ్‌సున్ జాన్ తలుపు తీసుకుని వచ్చి పొంచి ఉన్న సేనలో పడ్డాడు, నష్టపోయి మళ్లీ లోపలికి దూరాడు. నిప్పు వెలుతురు ఎవరిదో చెప్పదు. ఒక్క సైగ మీదనే అంతా పెట్టినవాడు, ఆ సైగ శత్రువుకు తెలిస్తే ఏం చేయాలో కూడా అనుకుని ఉండాలి. రెండో గుర్తు ఒకటి కలిపి ఉంటే ఆ రాత్రి తలుపు తెరిచేవాడు కాదు.

తర్వాత సొరంగాలు నడిమి దిబ్బ దాకా వచ్చాయి. ఓటమి ఖాయమని తెలిసి అతను తన ఇంటి ఆడవాళ్లనూ పిల్లలనూ చంపి, తాను నిప్పంటించుకుని చచ్చాడు. గువాన్ జింగ్ గుర్రమెక్కి శత్రువుల మధ్యకు దూకి ప్రాణం వదిలాడు.

204లో త్సావో త్సావో యువాన్ కుటుంబపు 'యే' అనే నగరం చుట్టూ 40 లీల కందకం ఒక్క రాత్రిలో తవ్వించాడంటారు. ఉపాధి హామీ పనుల కొలతలు రాసే నాకు నమ్మబుద్ధి కావడం లేదు.
– ఒక పాఠకుడు, జనగామ

మీ అనుమానం సబబే. 40 లీలంటే దాదాపు 16.6 కిలోమీటర్లు. వెడల్పూ లోతూ రెండేసి జాంగ్‌లు, అంటే 4.6 మీటర్లు. నిలువు గోడలతో లెక్కిస్తే మూడున్నర లక్షల ఘనపు మీటర్ల మట్టి. మెత్తటి నేలలో మనిషి రాత్రంతా తవ్వి మూడు ఘనపు మీటర్లు ఎత్తిపోశాడనుకున్నా లక్షా పదిహేడు వేల మంది కావాలి. గోడలు వాలుగా తవ్వితే మట్టి తగ్గుతుంది, అయినా ఒక్క రాత్రి అన్నది అతిశయమే అనిపిస్తుంది.

పన్నాగం మాత్రం నమ్మదగ్గది. మొదట ఎవరైనా దాటిపోగలిగేట్టు, లోతు లేకుండా గీత గీసినట్టు తవ్వించాడు. గోడ మీంచి చూసిన రక్షకుడు షెన్ పెయ్ నవ్వుకుని, బయటికొచ్చి అడ్డుపడలేదు. ఆ చిన్న కందకం ఉండటం వల్ల దారి, కొలత, మనుషుల పంపకం ముందే తేలిపోయాయి, లోతు చేయడమే మిగిలింది. జాంగ్ నది నీళ్లు మళ్లించాక లోపలికి గింజ పోలేదు. ఐదో నెల నుంచి ఎనిమిదో నెలలోపు నగరంలో సగానికి పైగా జనం ఆకలితో పోయారు. చివరికి షెన్ పెయ్ అన్న కొడుకే రాత్రి తూర్పు తలుపు తెరిచాడు.

ఇన్ని ముట్టడుల్లో కోట నిలబడ్డది ఒక్కటన్నా ఉందా?
– ఒక పాఠకురాలు, పెద్దపల్లి

ఉంది. 228 చివర్లో షూ అనే రాజ్యపు సేనాధిపతి జూగే ల్యాంగ్ కొన్ని పదుల వేల సేనతో పగరాజ్యమైన వే కోట చెన్‌త్సాంగ్ మీదికి వచ్చాడు. లోపల హావ్ జావ్ దగ్గర ఉన్నది వెయ్యి మందికి కాస్త పైన. అతని సొంత ఊరి మనిషిని రెండుసార్లు పంపి లొంగమని చెప్పించినా వినలేదు. నిచ్చెనలు గోడకు వేస్తే నిప్పుబాణాలతో కాల్చాడు. గుదిదూలాల బండ్లు వస్తే తాళ్లకు తిరగలిరాళ్లు కట్టి మీద దించి విరగ్గొట్టాడు. వంద అడుగుల ఎత్తు బురుజుబండ్ల మీంచి బాణాలు వేస్తూ అగడ్త పూడుస్తుంటే, లోపల రెండో గోడ లేపాడు. సొరంగం తవ్వితే లోపల అడ్డకందకం తవ్వాడు. ఇరవై రోజులు దాటాయి. జూగే ల్యాంగ్ తెచ్చుకున్న తిండి అయిపోవచ్చింది, వే రాజ్యం నుంచి సాయం దారిలో ఉంది. అతను వెనుదిరిగాడు. తరుముకొచ్చిన వే సేనాని వాంగ్ షువాంగ్‌ను దారిలో చంపి మరీ వెళ్లాడు.